పింఛన్ ఆగితే అడిగే దారి: దివ్యాంగుల పింఛన్ చరిత్ర, మన మండలం అనుభవం

ప్రతి ఏడాది నివేదికలో మనం పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి రుణాలు, వసూళ్ల శాతం రాసుకుంటం. ఈ లెక్కల్లో ఎక్కని పని ఒకటుంది. అది ఇంట్లో మంచం పట్టిన మనిషిని చూసుకునే పని. మన మహదేవపూర్ మండలం సంఘాల్లో ఆ పని చేస్తున్న అక్కచెల్లెళ్లు చాలామంది ఉన్నారు. భర్తకు పక్షవాతం వచ్చినోళ్లు, చెట్టు మీదికెళ్లి పడ్డ భర్తను చూసుకునేటోళ్లు, చూపు పోయిన భర్తను చెయ్యి పట్టుకొని నడిపించేటోళ్లు. ఆ ఇండ్లకు ప్రతి నెలా ఆధారం దివ్యాంగుల పింఛన్. అది ఆగితే ఆ ఇంటి లెక్క మొత్తం తప్పుతుంది.

ఈ సంవత్సరం సంఘం మీటింగుల్లో "పింఛన్ ఎందుకు ఆగింది, ఎవరిని అడగాలె" అన్న మాట మాటిమాటికీ వచ్చింది. అందుకే ఈ పింఛన్ ఎట్ల మొదలైంది, ఎప్పుడెప్పుడు ఎందుకు ఆగింది, ఆగినప్పుడు అడిగిన వాళ్లు ఏం సాధించిండ్రు అన్నది ఒక్కచోట రాయాలని అనుకున్నం. చరిత్ర తెలిస్తే అడిగేటప్పుడు భయం తగ్గుతుందని మా నమ్మకం.

పింఛన్ మన ఊరిదాకా వచ్చిన తీరు

దివ్యాంగుల కోసం దేశం మొత్తానికి ఒక చట్టం రావడానికి స్వాతంత్ర్యం వచ్చినంక చాలా ఏండ్లు పట్టింది. 1995లో పార్లమెంటు వికలాంగుల చట్టం చేసింది. 1996 ఫిబ్రవరి 7 నుంచి అది అమల్లోకి వచ్చింది. నూటికి 40 శాతం వైకల్యం ఉండాలన్న కొలత మనకు ఆ చట్టంతోనే అలవాటైంది. అదే 1995లో ఆగస్టు 15న కేంద్రం జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం మొదలుపెట్టింది. కానీ అందులో మొదట దివ్యాంగుల పింఛన్ లేదు. 2009 ఫిబ్రవరిలో ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛన్ వచ్చింది. అది నెలకు 200 రూపాయలు. అదీ 80 శాతం వైకల్యం ఉన్న పేదలకు మాత్రమే. 2012లో దాన్ని 300 చేసిండ్రు. అంటే మనకు వచ్చే పింఛన్‌లో పెద్ద భాగం ఎప్పుడూ రాష్ట్రం ఇచ్చేదే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధులకు, వితంతువులకు 200 ఉన్నప్పుడు దివ్యాంగులకు 500 ఇచ్చేది. ఆ రోజుల్లో పైసలు చేతికి పంచేటోళ్లు. ఎవరి పైసలు ఎవరు తీసుకుంటున్నరో తెలియదన్న ఫిర్యాదులు ఉండె. 2006 నుంచి స్మార్ట్ కార్డు పద్ధతి మొదలైంది. ఊర్లో వేలిముద్ర తీసుకొని పైసలిచ్చే మనిషిగా పదో తరగతి చదివిన సంఘం మహిళలను ఎక్కువగా పెట్టిండ్రు. పింఛన్ చరిత్రలో మన సంఘాల పేరు అట్ల ఎక్కింది. పైసలు పంచే పనికి సంఘం మహిళను నమ్మిండ్రంటే, ఆగిన పైసలు అడిగే పనికి కూడా మనం సరిపోతమన్నట్టే.

వెలుగు ప్రాజెక్టు 2000లో ఆరు జిల్లాల్లో మొదలైంది. అందులో మన పాత కరీంనగర్ లేదు. రెండో విడతలో మన దాకా వచ్చింది. ఆ తర్వాత అదే ఇందిరా క్రాంతి పథం అయింది. ఆ కాలంలోనే సెర్ప్ దివ్యాంగులతో వేరే సంఘాలు పెట్టించింది. మామూలు సంఘానికి పది మంది కావాలంటే, దివ్యాంగుల సంఘానికి ఐదుగురు ఉన్నా చాలన్న వెసులుబాటు ఉంది.

శాతం వచ్చింది, సదరం వచ్చింది

మొదట్లో వైకల్యం సర్టిఫికెట్ అంటే డాక్టర్ల బోర్డు చేత్తో రాసిచ్చే కాగితం. ఒక డాక్టరు 60 అని రాస్తే, ఇంకో దగ్గర అదే మనిషికి 35 అని రాసేది. 2010 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో సదరం క్యాంపులు పెట్టిండ్రు. డాక్టరు చూసిన వివరాలు కంప్యూటర్‌లో ఎక్కిస్తే శాతం లెక్క కట్టి, ఫొటోతో, నంబరుతో సర్టిఫికెట్ వస్తది. దొంగ సర్టిఫికెట్లు తగ్గాలని, అందరికీ ఒకటే కొలత ఉండాలని ఇది తెచ్చిండ్రు. ఆ ఆలోచన మంచిదే.

కానీ దాంతోపాటు రెండు సంగతులు వచ్చినయ్. ఒకటి, పింఛన్ మొత్తం ఆ ఒక్క శాతం మీద ఆధారపడింది. 40 ఉంటే ఉంది, 39 అయితే లేదు. వినికిడి లోపానికైతే 51 ఉండాలె. రెండోది, కొన్ని సర్టిఫికెట్లు శాశ్వతం, కొన్ని తాత్కాలికం. తాత్కాలికమైన వాటికి గడువు తేదీ ఉంటది. ఆ తేదీ కాగితం మీద చిన్న అక్షరాలతో ఉంటది. మన ఇండ్లల్ల ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ట్రంకు పెట్టెలో దాస్తరు. తేదీ దాటిన సంగతి పింఛన్ ఆగినంకనే తెలుస్తది.

ఇంకో మాట చెప్పాలె. క్యాంపుకు మనిషే రావాలె. కాళ్లు కదలని మనిషి, కాళ్లు కదలవని చూపించుకోవడానికి కదిలి రావాలె. ఆ మనిషిని ఎత్తి, ఆటోల పండబెట్టి, లైన్ల కూర్చోబెట్టి, మళ్లీ ఇంటికి తెచ్చేది ఇంటి ఆడమనిషే.

2014: అందరూ మళ్లీ దరఖాస్తు పెట్టుకున్న ఏడాది

తెలంగాణ వచ్చినంక 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. ఆ రోజు అందరం ఇంట్లనే ఉన్నం. పట్నం పోయినోళ్లు కూడా ఊరికి వచ్చిండ్రు. ఆ తర్వాత పింఛన్ల కోసం అందరూ కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. నవంబర్ 8న ఆసరా పథకం మొదలైంది. వృద్ధులకు, వితంతువులకు 1,000, దివ్యాంగులకు 1,500 అయింది. ఐదు వందలు ఒక్కసారిగా మూడింతలైంది. ఆ సంతోషం చిన్నది కాదు.

అదే సమయంలో పాత లిస్టులో ఉండి కొత్త లిస్టులో లేనోళ్లు రాష్ట్రమంతటా రోడ్డు మీదికి వచ్చిండ్రు. సదరం సర్టిఫికెట్ లేనోళ్లు, ఆధార్‌లో వయసు తప్పు పడినోళ్లు, సర్వే రోజు ఊర్లో లేనోళ్లు అందులో ఉన్నరు. గట్టిగా అడిగినంక మళ్లీ పరిశీలనలు జరిగినయ్, పేర్లు మళ్లీ ఎక్కినయ్. అర్హత లేదన్న మాట ఒక్కోసారి కాగితం లేదన్న మాట మాత్రమే. ఆ రెండింటి తేడా ఆ ఏడాదే మనకు తెలిసొచ్చింది.

తర్వాత 2019లో ఈ పింఛన్ 3,016 అయింది. 2023 జులై నుంచి దివ్యాంగులకు 4,016 చేసిండ్రు. ప్రభుత్వం మారినంక పథకం పేరు చేయూత అయింది.

జిల్లా దగ్గరికి వచ్చింది

మన మండలం 2016 అక్టోబర్ 11 దాకా కరీంనగర్ జిల్లాలో ఉండె. వైకల్యం పరీక్షకైనా, కలెక్టర్‌కు దరఖాస్తు ఇవ్వాలన్నా వంద కిలోమీటర్లకు పైగా పోవాలె. పలిమెల కూడా అప్పుడు మన మండలంలోనే ఉండె. ఆ అడవి ఊర్ల నుంచి ముందు మహదేవపూర్‌కు రావాలె, ఆడి నుంచి మంథని మీదుగా కరీంనగర్ పోవాలె. మంచంలో ఉన్న మనిషితోని ఒక్క రోజుల పోయి వచ్చుడు కష్టం. భూపాలపల్లి జిల్లా అయినంక ఆ దూరం బాగా తగ్గింది. సోమవారం ప్రజావాణికి పొద్దున పోతే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. దరఖాస్తు చేతిలో పెట్టి అడిగే ఆడోళ్ల సంఖ్య పెరగడానికి ఇది పెద్ద కారణం. గోదావరి పొంగిన రోజుల్లో మాత్రం ఇప్పటికీ కష్టమే. 2022 జులై వరదలప్పుడు కాళేశ్వరం దిక్కు ఊర్లు ఎట్లున్నయో అందరికీ యాదికే ఉంది.

మన సంఘంలో జరిగింది

పేరు, ఊరు రాయడం లేదు. ఆమె మా గ్రామైక్య సంఘంలోని చిన్న సంఘం సభ్యురాలు. ఆమె భర్త కల్లు గీసేటోడు. తెలంగాణ రాకముందే తాటిచెట్టు మీదికెళ్లి పడి నడుము విరిగింది. నడుము కింద స్పర్శ లేదు. ఆసరా కొత్తల్లోనే పింఛన్ మంజూరైంది. మధ్యలో ఒకసారి సర్టిఫికెట్ కొత్తగా తీసుకున్నరు. దాని గడువు 2024లో అయిపోయింది.

పింఛన్ ఆగిన సంగతి మాకు మొదట మా పొదుపు పుస్తకంలో కనబడింది. ఎన్నడూ పొదుపు తప్పనామె రెండు నెలలు కట్టలేదు. మీటింగుకు రాలేదు. ఇంటికి పోయి అడిగితే చెప్పింది: "ఆయనకు పింఛిని వస్తలేదక్కా. పోయిన కాడల్లా పైనుంచే ఆగింది అంటున్నరు. పైన అంటే ఏడ పోవాలె నేను?"

ఆమె రోజు ఎట్లుంటదో రాయాలె. పొద్దున లేచి ఆయనకు మూత్రం పైపు చూసి, ఒళ్లు తుడిచి, పక్క మార్చాలె. రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే వీపుకు పుండ్లు పడతయ్. పత్తి ఏరే రోజుల్లో పొలానికి పోతే మధ్యాహ్నం ఒకసారి ఇంటికి ఉరికొచ్చి పోవాలె. అందుకని ఆమెకు పూర్తి కూలీ ఇయ్యరు. తునికాకు కాలంలో అడవికి పోలేదు. పింఛన్ పైసలతోనే పైపులు, మలాం, బియ్యం మీది ఖర్చు నడిచేది. ఏడు నెలలు ఆగింది. నెలకు 4,016 చొప్పున 28,112 రూపాయలు. ఆ ఏడు నెలలు ఆమె తెచ్చిన అప్పు దాదాపు అంతే.

మేము చేసిన పని వరుసగా రాస్తున్నం, వేరే సంఘాలకు పనికొస్తదని.

మొదట నోటి మాటను కాగితం మీదికి తెచ్చినం. "నా భర్త పింఛన్ ఫలానా నెల నుంచి రావడం లేదు, కారణం రాతపూర్వకంగా తెలుపగలరు" అని రెండు కాపీలు రాసి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకున్నం. జవాబు రాలేదు. అప్పుడు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టినం. 2005 చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు ఇవ్వాలె. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆ పైన పది రూపాయలు. ఐదు రూపాయలతోని ఏడు నెలల గుట్టు తెలిసింది. జవాబులో ఉన్నది ఒక్క ముక్క: సర్టిఫికెట్ గడువు ముగిసినందున.

కారణం తెలిసినంక మీ సేవలో క్యాంపుకు స్లాటు తీసుకున్నం. మొదటి తేదీకి ఆయనకు జ్వరం. పోలేకపోయిండు. రెండో తేదీకి గ్రామైక్య సంఘం తీర్మానం రాసి ఆటో ఖర్చు ఇచ్చింది. ఇద్దరు సభ్యులు తోడు పోయిండ్రు, ఒకామె పిల్లల దగ్గర ఉంది. ఈసారి డాక్టర్లు చూసినంక శాశ్వత సర్టిఫికెట్ వచ్చింది. పాత కాగితం, కొత్త కాగితం, సమాచార హక్కు జవాబు మూడూ జతచేసి ప్రజావాణిలో ఇచ్చినం. పింఛన్ మళ్లీ మొదలైంది. ఆగిన ఏడు నెలల పైసలు ఇంకా రాలేదు. "ఆయన వైకల్యం ఏ నెలలోనూ తగ్గలేదు, కాగితం తేదీ మాత్రమే మారింది, కాబట్టి బాకీ ఇవ్వాలె" అని మళ్లీ దరఖాస్తు పెట్టినం. అది నడుస్తున్నది.

పింఛన్ ఆయన పేరు మీద వస్తది. దాని కోసం తిరిగిన కాళ్లు ఆమెవి. ఆ తిరుగుడుకు పోయిన కూలీ ఏ లెక్కలోనూ లేదు.

చట్టంలో ఆమె పేరు ఉంది

ఈ సంగతి మాకు న్యాయ అవగాహన తరగతిలో వకీలు మేడం చెప్పింది. 2016లో దివ్యాంగుల హక్కుల చట్టం కొత్తగా వచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలు ఉంటే, ఇందులో 21 ఉన్నయ్. ఈ చట్టంలో సంరక్షకులు అంటే ఎవరో కూడా రాసి ఉంది. జీతం తీసుకొని గానీ తీసుకోకుండా గానీ దివ్యాంగుల బాగోగులు చూసుకునే మనిషి, ఇంటి మనిషి అయినా సరే, సంరక్షకులే. అంటే ఆ పొద్దున పక్క మార్చే ఆమెకు చట్టంలో ఒక పేరు ఉంది.

24వ సెక్షన్ సామాజిక భద్రత గురించి చెప్తది. ఇలాంటి పథకాల్లో మిగతా వాళ్లకంటే దివ్యాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలని అందులో ఉంది. ఎక్కువ సాయం అవసరమైన దివ్యాంగులకు సంరక్షకుల భత్యం ఇవ్వాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది. కేరళలో ఆశ్వాసకిరణం పేరుతో మంచం పట్టిన వాళ్లను చూసుకునేటోళ్లకు నెలకు 600 రూపాయల సాయం పెట్టిండ్రు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగులకు 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైన వాళ్లకు 15,000 చేసిండ్రు. మంచంలో ఉన్న మనిషికి ఇంకో మనిషి రోజంతా కావాలన్న లెక్క అందులో ఉంది.

59వ సెక్షన్ అప్పీలు గురించి. సర్టిఫికెట్ ఇచ్చే అధికారి నిర్ణయం తప్పనిపిస్తే, శాతం తక్కువ వేసిండ్రనిపిస్తే, రాష్ట్రం నియమించిన అప్పీలు అధికారికి చెప్పుకోవచ్చు. అంటే క్యాంపులో వచ్చిన శాతమే చివరి మాట కాదు.

వేరే చోట్ల అడిగినోళ్లు

పింఛన్ ఆగుడు మన దగ్గరే ఉన్న కష్టం కాదు. అమెరికాలో 1981 నుంచి దివ్యాంగుల సాయం తీసుకునే వాళ్లను మళ్లీ పరిశీలించుడు జోరుగా చేసిండ్రు. మూడేండ్లలో సుమారు 4,90,000 మందికి సాయం ఆపే నిర్ణయాలు వచ్చినయ్. అప్పీలు చేసిన వాళ్లలో రెండు లక్షల మందికి పైగా తిరిగి వచ్చింది. అంటే ఆపిన వాటిలో తప్పుగా ఆపినవి ఎన్నో ఉన్నయ్. చివరికి 1984లో చట్టం మార్చిండ్రు. మనిషి ఆరోగ్యం మెరుగైందని చూపించకుండా సాయం ఆపొద్దని, అప్పీలు నడిచేటప్పుడు పైసలు ఇచ్చే వీలు ఉండాలని అందులో పెట్టిండ్రు.

బ్రిటన్‌లో 1976లో సంరక్షకుల భత్యం మొదలుపెట్టిండ్రు. కానీ పెళ్లయిన ఆడోళ్లకు ఇయ్యలేదు. వాళ్లు ఎట్లాగూ ఇంట్లనే ఉంటరు కదా అన్నది వాళ్ల మాట. జాక్వెలిన్ డ్రేక్ అనే ఆమె తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం మానేసింది. భత్యం అడిగితే పెళ్లయిందని కాదన్నరు. ఆమె అప్పీలుకు పోయింది. కేసు యూరప్ న్యాయస్థానం దాకా పోయి 1986 జూన్ 24న ఆమె దిక్కు తీర్పు వచ్చింది. పెళ్లయిన ఆడోళ్లందరికీ ఆ భత్యం దక్కింది. "ఎట్లాగూ ఇంట్లనే ఉంటది కదా" అన్న మాట మన ఊర్లల్ల కూడా వినబడుతది. ఒక్క ఆడమనిషి అప్పీలుతో ఆ మాట ఒక దేశంలో చెల్లకుండా పోయింది.

దగ్గరి సంగతి చూస్తే, 2025లో ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛన్లను మళ్లీ పరిశీలించిండ్రు. ఆగస్టులో లక్ష మందికి పైగా నోటీసులు పోయినయ్. దివ్యాంగులు, వాళ్ల ఇంటోళ్లు ఆందోళన చేసిండ్రు. నోటీసు వచ్చినోళ్లు ఎంపీడీవోకు గానీ మున్సిపల్ కమిషనర్‌కు గానీ అప్పీలు చేసుకోవచ్చని, మళ్లీ వైద్య పరీక్ష చేస్తరని ప్రభుత్వం చెప్పింది. అప్పీలు చేసినోళ్లకు పింఛన్ కొనసాగించింది. అమెరికాలో చట్టం మార్చి తెచ్చుకున్నదీ, ఆంధ్రలో అడిగి తెచ్చుకున్నదీ ఒకటే: అప్పీలు తేలేదాకా అన్నం గిన్నె గుంజుకోవద్దు. మన దగ్గర కూడా ఈ పద్ధతి రావాలని మా సమాఖ్య కోరుతున్నది.

అనర్హుల మాట

మీటింగుల్లో ఒక ప్రశ్న వస్తది. "దొంగ సర్టిఫికెట్లతో తీసుకునేటోళ్లు లేరా, వాళ్లయి ఆపొద్దా?" అని. ఉంటే ఆపాల్సిందే. అది మన పైసనే. పరిశీలన వద్దని మేము అనడం లేదు. ఆపే ముందు కారణం కాగితం మీద ఇయ్యాలె, మనిషి మాట వినాలె, కదలలేని మనిషి దగ్గరికి డాక్టరే రావాలె. ఈ మూడూ ఉంటే దొంగలు దొరుకుతరు, నిజమైనోళ్లు నలగరు.

ఈ ఏడాది మన సమాఖ్య తీర్మానాలు

1. ప్రతి గ్రామైక్య సంఘంలో దివ్యాంగులున్న ఇండ్ల లిస్టు రాయాలె. సర్టిఫికెట్ నంబరు, శాతం, గడువు తేదీ అందులో ఉండాలె. గడువుకు ఆరు నెలల ముందు వీవోఏ ఆ ఇంటికి పోయి గుర్తు చేయాలె.

2. ఎవరి పింఛన్ అయినా ఒక్క నెల రాకపోతే అదే నెల మీటింగులో చెప్పాలె. వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే ఆగే ప్రమాదం ఉంది. వేలిముద్ర పడనోళ్ల గురించి, మంచం దిగలేనోళ్ల గురించి పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా చెప్పాలె.

3. దరఖాస్తు ఏది ఇచ్చినా ముద్ర, తేదీ వేయించుకున్న కాపీ సంఘం ఫైల్లో ఒకటి, ఇంట్లో ఒకటి ఉండాలె.

4. శాతం తక్కువ వచ్చిందని అనిపిస్తే ఊకోవద్దు. అప్పీలు ఎవరికి, ఎన్ని రోజుల్లో చేయాలో జిల్లా సంక్షేమ అధికారి కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలె. ఆడోళ్లకు, దివ్యాంగులకు 1987 న్యాయ సేవల చట్టం కింద ఉచితంగా వకీలును ఇస్తరు. 15100 నంబరుకు ఫోన్ చేయొచ్చు.

5. క్యాంపు రోజు తోడు పోయే ఇద్దరి పేర్లు ముందే తీర్మానం పుస్తకంలో రాయాలె. ఆటో ఖర్చు గ్రామైక్య సంఘం చూడాలె.

6. సంరక్షకుల భత్యం మన రాష్ట్రంలో కూడా అమలు చేయాలని మండల సమాఖ్య తరఫున జిల్లా సమాఖ్యకు, అక్కడి నుంచి ప్రభుత్వానికి వినతి పంపాలె.

7. మంచం పట్టిన మనిషిని చూసుకునే సభ్యురాలు మీటింగుకు రాలేకపోతే జరిమానా వేయొద్దు. ఆ నెల మీటింగు ఆమె ఇంటి ముందట పెట్టుకోవాలె.

ఏడో తీర్మానం రాసేటప్పుడు ఒక పెద్దమ్మ అన్న మాట అందరికీ నచ్చింది: "ఆమె మన దగ్గరికి రాలేదంటే, మనం ఆమె దగ్గరికి పోవాలె గదా." వచ్చే నెల నుంచి ఈ తీర్మానాలు అన్ని గ్రామైక్య సంఘాల్లో అమలు చేయాలని నిర్ణయించినం. వచ్చే ఏడాది నివేదికలో ఎన్ని ఇండ్ల లిస్టు రాసినమో, ఎన్ని పింఛన్లు తిరిగి తెచ్చినమో, ఆ 28,112 రూపాయలు వచ్చినయో లేదో పొదుపు లెక్కల పక్కనే రాస్తం.